ఆర్నెల్ల తర్వాత ఎక్కిన లిఫ్టు

లిఫ్టు బాగుందని చెబితే ఎవరైనా ఫోను పెట్టేస్తారా? మా చెల్లెలు పెట్టేసింది. "చాలా బాగుందే, బటన్ నొక్కడం ఆలస్యం, పైకి వెళ్ళిపోయింది, ఏం స్పీడే బాబూ" అని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటుంటే, అది మధ్యలోనే అడ్డుపడింది. "సరే అన్నయ్యా, పనుంది" అంది. అంతే. ఆ రోజు నుంచి పందొమ్మిది రోజులు గడిచినా నా ఫోను ఎత్తలేదు.

తిడితే అలుగుతారు, సరే. మెచ్చుకుంటే అలగడం ఏమిటి? నాకేమీ అర్థం కాలేదు. నాకున్నది ఒక్కగానొక్క చెల్లెలు. అది రెండు రోజులు మాట్లాడకపోతేనే నాకు తిండి సయించదు, అలాంటిది పందొమ్మిది రోజులు. ఎలాగైనా దాన్ని మాట్లాడించాలి, కానీ ఏమని క్షమాపణ అడగాలో తెలిస్తే కదా అడగడానికి!

నేను లిఫ్టులు రిపేరు చేసేవాణ్ణి. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. కొత్త లిఫ్టంటే జనం మురిసిపోతారు. అద్దాలట, రంగు లైట్లట, మెత్తటి సంగీతమట. నేను మాత్రం మెట్లెక్కుతాను. కొత్త లిఫ్టుకి తాడు సాగుతుంది, బోల్టులు సర్దుకుంటాయి, తలుపులు మొరాయిస్తాయి. దాని రోగాలన్నీ మొదటి ఆర్నెల్లలోనే బయటపడతాయి. ఆ తర్వాత ఎక్కితే హాయి. ఈ సూత్రాన్నే ఫోన్లకీ, బూట్లకీ, కొత్తగా తెరిచిన హోటళ్ళకీ, అన్నిటికీ పెట్టుకున్నాను. మా ఆవిడ పెళ్ళికి సరేనన్నాక కూడా ఆర్నెల్లు ఆగాను. ఆ మాట ఆవిడ ఏదో ఒక వంకతో ఎత్తకుండా వారం గడవదు. వర్క్‌షాపులో నన్ను పేరు పెట్టి ఎవరూ పిలవరు, "ఆర్నెల్లాయన" అంటారు. అననీ. వాళ్ళలో ముగ్గురు కొత్త ఫోన్లు కొని నెత్తి బాదుకున్నవాళ్ళే.

ఇక వీడియో గేముల దగ్గరైతే నా సూత్రానికి తిరుగే లేదు. విడుదలైన రోజు ఏ గేమూ పూర్తయి ఉండదు. మనుషులు గోడల్లోంచి నడిచిపోతుంటారు, ఆడిన ఆటంతా సేవ్ కాకుండా మాయమవుతుంది. తర్వాత నెలకో అప్‌డేట్ పంపి ఒక్కొక్కటే సరిచేస్తారు. చెల్లెలు నాకన్నా పదకొండేళ్ళు చిన్నది. దానికి కంట్రోలరు పట్టుకోవడం నేర్పింది నేనే. కొత్త గేము వచ్చిందని అది గెంతులేస్తుంటే, "ఆగవే, ఇప్పుడు కొంటే వాళ్ళ తప్పులు మనం వెతికిపెట్టాలి. జీతం లేని ఉద్యోగం. అన్నీ బాగయ్యాక ఆడదాం" అనేవాణ్ణి. మొహం మాడ్చుకునేది కానీ ఆగేది. ఆర్నెల్లయ్యాక ఇద్దరం కూర్చుని ఆడితే ఒక్క చిక్కూ ఉండేది కాదు.

ఆ పిల్లే పెద్దదై గేములు తయారు చేసే కంపెనీలో చేరింది. "అంటే ఇకమీదట ఆ తప్పులు నువ్వు చేస్తావన్నమాట" అని ఏడిపించాను. నవ్వింది. రెండేళ్ళ కిందట ఒకరోజు ఫోను చేసి, "అన్నయ్యా, లిఫ్టు తలుపు మూసుకునే ముందు ఎన్ని సెకన్లు ఆగుతుంది? లిఫ్టు ఆగేటప్పుడు కాళ్ళ కింద ఎలా ఉంటుంది?" అని మొదలుపెట్టింది. వాళ్ళ గేములో ఒక పాత భవనం ఉందట. అందులో లిఫ్టు మొత్తం దీనికి అప్పజెప్పారట. ఒక వస్తువు పూర్తిగా తన చేతికే రావడం దానికి అదే మొదటిసారి. ఒక శనివారం నాతోపాటు లిఫ్టు మోటారుండే మెషిన్ రూముకి కూడా వచ్చింది. చప్పుళ్ళు రికార్డు చేస్తూ గంటసేపు మైకు పట్టుకుని మూల కూర్చుంది. నేను తుమ్మితే "అబ్బా, అన్నయ్యా!" అని విసుక్కుంది. ఆ ఒక్క లిఫ్టు మీద ఐదు నెలలు పనిచేసింది.

గేము విడుదలయ్యే ముందు రోజు ఫోను చేసింది. "ఈ ఒక్కసారికి మొదటి వారంలో కొనవా? నా లిఫ్టు ఎక్కి చూద్దువుగాని."

"ఆర్నెల్లు ఆగుతానే. నీ లిఫ్టు ఎక్కడికి పోతుంది? నువ్వు చేసిందాన్ని నింపాదిగా, ఏ చికాకూ లేకుండా ఆడాలి నేను."

వారం తర్వాత మళ్ళీ చేసింది. "కొన్నావా?" అంది. "లేదే" అన్నాను. "సరేలే" అంది. నేనేదో దానికి గొప్ప మర్యాద చేస్తున్నానన్న భ్రమలో ఉన్నాను. దాని గొంతులో తేడా ఉందేమో కూడా నాకు గుర్తులేదు. అసలు విన్నానో లేదో.

ఆర్నెల్లు నిండిన మర్నాడే డౌన్‌లోడ్ చేశాను. అన్ని అప్‌డేట్లూ వేసుకుని, నున్నగా నడిచే గేము. పార్సిళ్ళు మోసే ఒకావిడ, సగం నీళ్ళలో మునిగిన పది అంతస్తుల భవనంలో గది గదికీ తిరిగి అందరికీ సామాన్లు అందజేస్తుంది. నాలుగు రోజులు ఆడితే లిఫ్టు వచ్చింది. బటన్ నొక్కాను. తెర ఒక్క క్షణం నల్లబడి, వెలిగేసరికి పదో అంతస్తు. ఓహో, మా చెల్లెలి లిఫ్టు అని వెంటనే ఫోను తీశాను. మిగతాది మీకు చెప్పాను.

ఈ పందొమ్మిది రోజుల్లో ఆ లిఫ్టు ఒక నలభైసార్లు ఎక్కి దిగుంటాను. ఎక్కడైనా నా పేరు రాసిందా? నేను గమనించనిదేదైనా ఉందా? గోడలు చూశాను, నేల చూశాను. బుర్ర వేడెక్కిందే తప్ప ఏమీ తేలలేదు. ఇరవయ్యో రోజు సాయంత్రం మా ఆవిడ పక్కన కూర్చుని కాసేపు చూసింది. ఆవిడకి గేములు పట్టవు, మందుల షాపులో రోజంతా నిలబడి వచ్చి కాళ్ళు చాపుకుని ఏదో ఒకటి చూస్తుంది అంతే.

"మీరు ఏ లిఫ్టు గురించండీ మాట్లాడుతున్నది?" అంది.

"ఇదే. చూడు, నొక్కుతున్నా."

"నొక్కారు. తెర నల్లబడింది. మళ్ళీ వెలిగింది. పైనున్నారు. ఇందులో లిఫ్టు ఎక్కడుంది? తలుపు లేదు, లోపల లేదు, ఏమీ లేదు. ఐదు నెలలు ఆ పిల్ల చేసింది ఇదా?"

కంట్రోలరు పక్కన పెట్టాను. ఇరవై రెండేళ్ళు లిఫ్టుల మధ్య బతికినవాణ్ణి, లేని లిఫ్టుని నలభైసార్లు ఎక్కానన్నమాట. మందుల షాపావిడకి కనబడింది నాకు కనబడలేదు.

ఫోనులో వెతికాను. ఆ గేము ఆడినవాళ్ళు మొదటి వారంలో రాసుకున్న గోడు దొరికింది. లిఫ్టు తలుపు మూసుకోదట, సగం మూసుకుని మళ్ళీ తెరుచుకుంటుందట. ఒకడైతే "ఈ లిఫ్టు చేసినవాణ్ణి ఇందులోనే పెట్టి తాళం వేయాలి" అని రాశాడు. చేసింది మా చెల్లెలురా వెధవా అని ఫోను మీదే అరిచాను. ఇంకా కిందికి పోతే మూడో వారంలో కంపెనీవాళ్ళు పెట్టిన అప్‌డేట్ వివరాలున్నాయి. నూట పన్నెండు సవరణల్లో ఎక్కడో మధ్యన ఒక్క వాక్యం: పదో అంతస్తుకి ప్రయాణాన్ని వేగవంతం చేశాం.

అంటే దాని లిఫ్టు తీసేశారు. తీసేసి, దాని బదులు ఆ నల్లతెర పెట్టారు. నేను పనిగట్టుకుని ఫోను చేసి మెచ్చుకున్నది ఆ నల్లతెరని. ఏం స్పీడే బాబూ అన్నాను. ఆ మాట తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోయాను. దాని గుండె ఎంత కలుక్కుమని ఉంటుందో!

మర్నాడు పని కాగానే పాత గేముల దుకాణానికి పరిగెత్తాను. డిస్కు మీద మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది గేము. నెట్ తగలనివ్వకుండా ఆడితే ఏ అప్‌డేటూ రాదు. దుకాణం నడిపే ఆవిడ నన్ను పదిహేనేళ్ళుగా ఎరుగును.

"విడుదలైన వారంలో వచ్చిన డిస్కు కావాలండీ. ఆ తర్వాతది వద్దు. తప్పులున్నదే కావాలి" అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసి మరీ చూసింది. "ఒంట్లో బాగానే ఉందా? ఆర్నెల్లు దాటిందా అని పది సార్లడిగి కొనే మనిషి మీరేనా?"

"నేనేనండీ. ఉందా లేదా?"

"ఉంది. రెండు రోజులు ఆడి విసిరికొట్టి అమ్మేసుకున్నారు ఎవరో. మళ్ళీ తెచ్చిస్తే మాత్రం తీసుకోను, ముందే చెబుతున్నా."

ఇంటికొచ్చి నెట్ వైరు పీకేసి, గేము మొదటి నుంచి మొదలుపెట్టాను. అమ్మో, అది గేము కాదు, నరకం. పార్సిలావిడ మూడుసార్లు నేలలోంచి కిందికి జారిపోయింది. నాలుగో అంతస్తులో కనబడే పెద్దాయనకి తల లేదు, మాటలు మాత్రం వస్తున్నాయి. రెండు గంటలు ఆడిన ఆట సేవ్ కాలేదు. ఇందుకే కదా నేను ఆగేది అని రోజుకి పదిసార్లు గొణుక్కున్నాను. గొణుక్కుంటూనే మళ్ళీ మొదటికొచ్చి ఆడాను. అలా ఆరు రోజులు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక లిఫ్టు దగ్గరికి చేరాను.

బాణం గుర్తు వెలిగింది. పైన ఎక్కడో రిలే స్విచ్చు టక్కుమంది. ఆ చప్పుడు నాకు తెలుసు. అది మెషిన్ రూములో నేను రోజూ వినే చప్పుడే. తలుపు రెక్కల్లో ఎడమది ఒక క్షణం ముందు కదిలింది, పాత లిఫ్టుల్లో కదిలినట్టే. లోపల నేల, బయటి నేలకన్నా ఒక పిసరు కిందికి ఉంది, మనిషి ఎక్కగానే ఇంకొంచెం దిగి సర్దుకుంది. గోడ పొడవునా ఒరుసుకున్న గీతలు, సామాన్లు ఎక్కించేటప్పుడు పడేవి. బటన్లలో అందరూ ఎక్కువగా నొక్కే కింది అంతస్తుది మాత్రమే అరిగి ఉంది. "అబ్బా!" అని పైకే అన్నాను. ఎంత శ్రద్ధగా చూసిందో ఆ పిల్ల, ఎన్ని అడిగిందో, నేను విసుక్కుంటూ చెప్పినవి కూడా ఒక్కటీ వదల్లేదు. ఎంత గర్వమేసిందో నాకు!

పదో నంబరు నొక్కాను. తలుపు మూసుకుంటూ వచ్చి, జానెడు సందు ఉండగా ఆగి, మళ్ళీ బార్లా తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది. నాలుగుసార్లు. జనం తిట్టారంటే తిట్టరా మరి.

అప్పుడు నేను గేము సంగతి మరిచిపోయి ఉద్యోగంలోకి దిగిపోయాను. తలుపు మూసుకోవట్లేదని మాకు వారానికి పది ఫోన్లు వస్తాయి. తలుపు అంచున సెన్సరు ఉంటుంది, ఏదైనా అడ్డం వస్తే తలుపు తెరిచేస్తుంది. పదిలో ఆరుసార్లు నేను వెళ్ళి చేసే రిపేరు ఏమిటంటే, "మీ సంచి కాస్త లోపలికి జరపండమ్మా" అనడమే. తెర దగ్గరికి జరిగి చూశాను. పార్సిలావిడ వీపున పొడుగాటి సంచి ఉంది. బటన్ నొక్కడానికి ఆవిడ పక్కకి తిరిగినప్పుడల్లా ఆ సంచి కొస వెనక్కి ఊగి గడప దాటుతోంది. సెన్సరు పాపం దాని పని అది చేస్తోంది. ఆవిణ్ణి వెనక గోడకి ఆనించి నిలబెట్టి, అక్కణ్ణుంచి నొక్కించాను. తలుపు ఒక్కసారికే నిమ్మళంగా మూసుకుంది. లిఫ్టు కదిలింది.

"దొరికిందే! దొరికింది!" అని ఎగిరాను. మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. ఆవిడకి చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. నాకు దొరకడానికి పట్టింది రెండు నిమిషాలు. మొదటి వారంలో ఎక్కి ఉంటే మొదటి వారంలోనే దొరికేది. ఆ లిఫ్టు ఇవాళ కూడా ఉండేది.

"ఇప్పుడు ఇది దానికి చెప్పాలా, వద్దా?" అని అడిగాను.

"నాకేం తెలుసు?"

"చెబితే బాధపడుతుంది. చెప్పకపోతే నేను అబద్ధం ఆడినట్టు. ఒకటడుగుతాను చెప్పు, నేను ఆగడం తప్పంటావా? మిగతా గేమంతా చూస్తే ఆగడమే ఒప్పు. తల లేని మనిషితో మాట్లాడాను నేను. ఈ ఒక్క లిఫ్టు దగ్గరే తప్పు. ఏది ఆగాల్సిందో, ఏది ఆగకూడనిదో ముందే తెలిసేదెలా?"

ఆవిడ పెదవి విరిచింది. "అవన్నీ నాకు తెలీదు. మళ్ళీ బాగుందని మాత్రం చెప్పి ఊరుకోకండి" అంది.

చెల్లెలికి రెండు ముక్కలు రాసి పంపాను: లిఫ్టు ఎక్కాను. మొదటిది. నిమిషం తిరక్కుండా ఫోను మోగింది.

"మొదటిదంటే?" అంది.

"డిస్కు కొన్నానే. నెట్ వైరు పీకేశాను."

"అప్‌డేట్లు లేకుండా ఆడావా? నువ్వా?"

"మూడుసార్లు నేలలోంచి పడ్డాను."

నవ్వింది. ఎన్నాళ్ళకి విన్నానో ఆ నవ్వు! తర్వాత నెమ్మదిగా, "ఎలా ఉంది?" అంది. నేను చెప్పాను. రిలే చప్పుడు, ఎడమ రెక్క, ఎక్కగానే దిగే నేల, అరిగిన బటన్, గోడ మీద గీతలు, అన్నీ వరసగా చెప్పాను. చివరికి, "ఆ రోజు నిన్ను మెచ్చుకుంటున్నాననుకుని ఏదో వాగాను. నాకు తెలీదే. క్షమించవే" అన్నాను.

"తీసేశారని నేనూ చెప్పలేకపోయాను" అంది. "అప్పట్నుంచి నన్ను గేము మెనూల పని మీద వేశారు. అక్షరాల సైజులు చూసుకుంటున్నాను." కాస్త ఆగి తనే అడిగింది, "తలుపు చూశావా? అది ఆగే సెకన్లు మార్చని రోజు లేదు. నాలుగు పెట్టాను, ఆరు పెట్టాను, రెండు పెట్టాను. మా దగ్గర బాగానే మూసుకునేది, ఆడేవాళ్ళ దగ్గర లేదు. ఎందుకో నాకు ఇవాల్టికీ తెలీదు. నీకేమైనా అర్థమైందా?"

లేదే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనేస్తే అయిపోయేది. కానీ అది అడుగుతున్నది అన్నయ్యని కాదు, లిఫ్టు మనిషిని. ఏ లిఫ్టు గురించీ నేను ఇంతవరకు అబద్ధం చెప్పలేదు.

"సంచే" అన్నాను.

"ఏ సంచి?"

"ఆవిడ వీపు మీద సంచి. బటన్ నొక్కడానికి తిరిగితే కొస గడప దాటుతోంది. సెన్సరు అడ్డమనుకుంటోంది."

ఫోను పెట్టేసిందేమోనని రెండుసార్లు తెర చూసుకున్నాను.

"మేం పరీక్షించేటప్పుడు ఆవిడకి సంచి ఉండదు అన్నయ్యా" అంది చివరికి. "సంచి వేరే టీమువాళ్ళది. ఆఖర్న తగిలిస్తారు. సరిచేయడానికి ఎంతసేపు పట్టేది?"

"నిజం లిఫ్టులో అయితే ఐదు నిమిషాలు. మీ వాటి సంగతి నాకేం తెలుసు?"

"మా దాంట్లోనూ అంతే." ముక్కు ఎగపీల్చింది. "నాకు రెండు వారాలు గడువిచ్చారు. తప్పెక్కడుందో కనిపెడితే ఉంచుతాం, లేకపోతే తీసేస్తామన్నారు. అందుకే నీకు రెండోసారి ఫోన్ చేసింది."

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చు కదే!" అని అరిచాను. కోపం దాని మీద కాదు.

"ఏం చెప్పను? లిఫ్టు పాడైంది, వచ్చి బాగుచేయమని చెప్పనా? ఊళ్ళో అందరూ నిన్ను అలాగే పిలుస్తారు. నేనూ అలాగే పిలవాలా? నీకు నువ్వుగా ఎక్కి చూస్తావనుకున్నాను. చూస్తే నీకు కనబడుతుందని తెలుసు."

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఏమైందన్నట్టు చెయ్యి తిప్పింది. నేను తల అడ్డంగా ఊపాను.

"నన్ను తిట్టవే" అన్నాను.

"తిడతాను. ఇప్పుడు కాదు, ఇప్పుడు ఏడుపొస్తోంది. రేపు పొద్దున పనికెళ్ళే ముందు తీరిగ్గా ఫోన్ చేసి తిడతాను. ఎత్తు."

పనిలో ఉన్నప్పుడు ఫోను దగ్గర ఉంచుకోకూడదని మా వర్క్‌షాపులో కచ్చితమైన నియమం. ఆ నియమం పెట్టించింది నేనే. సోమవారం పొద్దున లిఫ్టు పైకప్పు మీద కూర్చుని తాళ్ళకి గ్రీజు రాస్తూ ఫోను చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఎనిమిదిన్నర దాటింది, మోగలేదు. తొమ్మిదైంది. దానికి మనసు మారిందేమో, ఇక చేయదేమో అనుకుంటూ, రాసిన తాడుకే మళ్ళీ గ్రీజు రాశాను. తొమ్మిదీ పదికి మోగింది. గ్రీజు చేతుల్తోనే, మొదటి రింగు సగంలో ఎత్తాను.